చేపలు అమ్మే ఆడవాళ్లనూ రేవులోనే లెక్కించాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో సముద్రంలో చేపల వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులకు వేటగాళ్లకిచ్చే భృతి ఎంతమందికి అందింది, ఎవరి పేర్లు ఎగిరిపోయాయి, ఎంత పెంచారు అనే వార్తలు మీ పత్రికలోనూ వస్తుంటాయి. భృతి ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ జాబితా బోటును పట్టుకుని తయారవుతుంది. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, దాని కింద యజమాని, డ్రైవరు, కళాసీల (బోటు మీద పనిచేసేవాళ్ల) పేర్లు రాస్తారు. బోటు ఒడ్డుకు చేరాక ఆ చేపను వేలంలో కొని, ఐసు వేసి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి పట్టుకెళ్లి అమ్మే ఆడమనిషి పేరు ఏ బోటు కిందా ఉండదు. మామూలు ఏడాదిలో ఈ లోటు అంతగా బయటపడదు. 2020లో లాక్‌డౌన్, వేట నిషేధం ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడు పూర్తిగా బయటపడింది. ఆ తర్వాత భృతి మొత్తం పెరిగింది గానీ జాబితా రాసే తీరు మారలేదు. ఇంకో మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చేలోపు ఈ ఒక్క పనైనా జరగాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు రేవులో లెక్క ఎలా నడుస్తుందో చెప్పాలి. విశాఖ హార్బరులోనైనా కాకినాడలోనైనా తెల్లవారకముందే వేలం మొదలవుతుంది. చందువ, కోనాం, పెద్ద రొయ్య లాంటి ఖరీదైన సరుకు కంపెనీలకో పెద్ద వ్యాపారులకో పోతుంది. కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, సావళ్లు ట్రేల లెక్కన ఆడవాళ్లు పాడుకుంటారు. ఒక్కరే ట్రే మొత్తం కొనలేనప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి కొని పోగులు వేసుకుంటారు. చేతిలో ఉండే మదుపు రెండు మూడు వేలు. అది కూడా చాలామందికి సొంత డబ్బు కాదు. వేలం పాడించే సావుకారు దగ్గర సాయంత్రానికి కడతానని తెచ్చుకున్న అరువో, డైలీ ఫైనాన్స్‌లో తొమ్మిది వేలు తీసుకుని రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టే అప్పో అయి ఉంటుంది.

ఒక బుట్ట లెక్క వేసి చూపిస్తాం. రేట్లు రోజూ మారతాయి కాబట్టి అంకెల్ని ఉదాహరణగానే తీసుకోవాలి. కిలో వంద చొప్పున 25 కిలోల కానాగంతలు, అంటే 2,500. ఐసుకు 60, షేర్ ఆటోకు 200, మార్కెట్ ఆశీలు 30. మొత్తం పెట్టుబడి 2,790. మధ్యాహ్నంలోపు ఇరవై కిలోలు కిలో 140కి అమ్మితే 2,800 వస్తుంది. మిగిలిన ఐదు కిలోలు సాయంత్రం సగం ధరకు తెగ్గొడితే 350. చేతికొచ్చింది 3,150, మిగిలింది 360. డైలీ కట్టు వంద పోతే 260 రూపాయలతో ఇల్లు గడవాలి.

ఇప్పుడు అదే బుట్టను లాక్‌డౌన్ రోజుల్లో పెట్టి చూడండి. అమ్మకానికి ఉదయం మూడు గంటలే అనుమతి. షేర్ ఆటో లేదు, దొరికిన బండికి 500 ఇవ్వాలి. పెట్టుబడి 3,090 అయింది. మూడు గంటల్లో అమ్మగలిగింది పన్నెండు కిలోలు, 1,680 రూపాయలు. మిగతా పదమూడు కిలోలు కిలో నలభైకి వదిలించుకుంటే 520. నష్టం 890. ఇలాంటి రోజులు మూడు వరసగా వస్తే 2,670 పోయినట్టు. అంటే మొదట చేతిలో ఉన్న 2,500 మదుపు పూర్తిగా మాయమై, పైన అప్పు మిగిలింది. నాలుగో రోజు వేలంలో నిలబడే దారి లేదు.

మగవాళ్లకూ ఆడవాళ్లకూ దెబ్బ తగిలే తీరులో తేడా ఇక్కడే ఉంది. బోటు మీద కళాసీకి వాటా పద్ధతి. డీజిలు, ఐసు, రేషను ఖర్చులు తీసేశాక మిగిలినదాంట్లో వాటా. ట్రిప్పు గిట్టకపోతే అతని కష్టం పోతుంది, ఆ ట్రిప్పు రాబడి పోతుంది. అది చిన్న నష్టం అనడం లేదు. కానీ వేట మొదలైన రోజున అతను మళ్లీ బోటెక్కగలడు. బుట్ట పట్టే ఆమె కూలి మనిషి కాదు, వ్యాపారి. నష్టం వచ్చినప్పుడు పోయేది ఆమె మదుపు. వేట మొదలైనా, మార్కెట్ తెరిచినా, మదుపు లేనిదే ఆమె పని మొదలు కాదు. ఇంటికిచ్చే బియ్యం, నగదు సాయంతో పొయ్యి వెలుగుతుంది గానీ మదుపు తిరిగి రాదు.

భర్తకిచ్చిన భృతి ఇంటికే కదా వస్తుంది, వేరే లెక్క ఎందుకని కొందరు అధికారులు అడుగుతుంటారు. ఆ డబ్బు తిండికీ, వలలు బాగుచేయడానికీ, పిల్లల ఫీజులకూ పోతుంది. బుట్ట మదుపు దాకా రాదు. పైగా చేపలమ్మే వాళ్లలో వితంతువులు, ఒంటరి ఆడవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లింట్లో బోటెక్కే మనిషే ఉండడు. రేవుల దగ్గర ఒక ఉదయం నిలబడితే ఎవరికైనా తెలిసే విషయమిది.

మగవాళ్ల కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి పోయిన వేల మంది 2020 మార్చిలో అక్కడే ఇరుక్కుపోయారు. సీజను మొదట్లో అడ్వాన్సు, చివర్లో లెక్క తేల్చుకోవడం అక్కడి పద్ధతి. మధ్యలో పని ఆగిపోతే లెక్కా మధ్యలోనే ఆగుతుంది. ఒడ్డున కట్టేసిన బోట్లలోనే, ఇరుకు క్యాబిన్లలో వారాల తరబడి ఉన్నారు. దూరం పాటించమని ఊరంతా చెబుతున్న రోజుల్లో వాళ్లకు దూరం జరగడానికి చోటు లేదు. ఏప్రిల్ నెలాఖరుకు బస్సులు పెట్టి వాళ్లను వెనక్కి రప్పించారు. మంచి పని జరిగింది. అది జరగడానికి కారణం వాళ్లు ఒకేచోట, ఎన్ని బోట్లలో ఎంతమందో లెక్క తెలిసేలా ఉండటం. అదే సమయంలో ఇంటి దగ్గర అమ్మకం ఆగిపోయి, భర్త నుంచి డబ్బు రాక, పిల్లల్నీ పెద్దవాళ్లనీ చూసుకుంటూ ఉన్న ఆడవాళ్లు ఒక్కో గడపలో ఒక్కొక్కరుగా ఉన్నారు. వాళ్లు ఎంతమందో ఏ శాఖ దగ్గరా లెక్క లేదు.

ఉత్తర్వుల్లో లోపం ఉందా అంటే, కాగితం మీద పెద్దగా లేదు. లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైతే, కేంద్ర హోంశాఖ ఏప్రిల్ 10న చేపల రంగానికి మినహాయింపు ఇచ్చింది. సముద్ర వేట, చెరువుల సాగు, మేత, పట్టుబడి, ప్రాసెసింగ్, శీతల రవాణా, అమ్మకం, పనివాళ్ల రాకపోకలు అన్నీ అందులో ఉన్నాయి. అయిదు రోజులకే ఏప్రిల్ 15 వచ్చింది, వేట నిషేధం మొదలైంది. తర్వాత ఆ ఏడాదికి నిషేధాన్ని మే 31తో ముగించి 47 రోజులకు తగ్గించారు. బోట్లకు 14 రోజుల వేట కలిసొచ్చింది. చేప ఒడ్డుకొచ్చింది కాబట్టి అమ్మే వాళ్లకూ పని దొరికినట్టేనని పైనున్న వాళ్లు అనుకుని ఉంటారు. జరిగింది వేరు. ఆర్టీసీ బస్సులు మే 21 దాకా లేవు. విశాఖలో సిటీ బస్సులు సెప్టెంబరు దాకా తిరగలేదు. తీరం నుంచి లోపలి ఊళ్లకు చేప చేరేది ప్యాసింజర్ రైళ్ల మీద కూడా. అవి ఇంకా ఆలస్యంగా మొదలయ్యాయి. మొదలైనప్పుడు కూడా ప్రత్యేక రైళ్ల పేరుతో కనీస చార్జీ పది రూపాయల నుంచి ముప్పై అయింది. దాన్ని తిరిగి తగ్గించింది 2024 ఫిబ్రవరిలో. రోజుకు రెండు వందల అరవై మిగిలే చోట రాను పోను నలభై రూపాయలు అదనంగా పోవడమంటే ఎంతో లెక్కేసుకోవచ్చు.

లాక్‌డౌన్‌లో తిరగడానికి ఇచ్చిన పాసుల సంగతి కూడా అంతే. దరఖాస్తులో సంస్థ పేరు, బండి నంబరు అడిగే చోట బుట్ట పట్టుకున్న మనిషి ఏం రాస్తుంది? వ్యాను ఉన్న వ్యాపారికి పాసు దొరికింది. రేవులో పోటీ తగ్గడంతో ధర పడిపోయింది, ఊళ్లో సరుకు దొరక్క ధర పెరిగింది. మధ్యలో మిగిలిన లాభం బండి ఉన్నవాడిది. ఇంటింటికీ చేప చేర్చే కొత్త వ్యాపారాలు కూడా ఆ రోజుల్లోనే పుంజుకున్నాయి. బండి నడపగలిగి ఫోన్లో ఆర్డరు తీసుకోగలిగిన కుర్రాళ్లకు అది ఉపాధి, దాన్ని తప్పు పట్టలేం. కానీ ఏళ్ల తరబడి ఫలానా వీధిలో ఫలానా ఇళ్లకు చేపలిచ్చిన ఆమె నెలల తర్వాత తిరిగి వెళ్లేసరికి ఆ వాడుక ఇళ్లు పోయాయి.

అమ్ముడుపోని చేపను ఎండబెట్టుకోవచ్చు కదా అనే సలహా అప్పుడు చాలామంది ఇచ్చారు. ఎండుచేప ఎలా తయారవుతుందో తెలిస్తే అంత తేలిగ్గా అనరు. కానాగంతనైతే పొట్ట చీల్చి, పేగులు తీసి, నెత్తురు పోయేలా కడగాలి. నాలుగు కిలోల చేపకు కిలో ఉప్పు లెక్కన తొట్టెలో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పేర్చి, పైన బరువు పెట్టి ఒక రాత్రి, ఒక పగలు ఉంచాలి. తర్వాత పైనున్న ఉప్పు పోయేలా ముంచి తీసి, నేల మీద కాకుండా ఎత్తుగా కట్టిన తడికెల మీదో వల మీదో రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ఇసుకలో ఆరబెడితే ఇసుక అంటుకుని సగం ధర కూడా రాదు. నెత్తళ్లకు ఉప్పు పని లేదు గానీ నాలుగైదు కిలోల పచ్చివి ఎండితే కిలో అవుతాయి. ఇక్కడ మూడు అడ్డంకులు. మొదటిది, వంద కిలోలు ఎండబెట్టాలంటే ఉప్పు, తొట్టెలు, తడికెలు, స్థలం కావాలి. రెండోది, అప్పటికే ఆలస్యమైన చేప ఎండబెట్టడానికి పనికిరాదు. ఎండుచేపకూ తాజా చేపే కావాలి, మెత్తబడిన చేప ముక్కలైపోతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎండుచేప అమ్ముడయ్యేది వారపు సంతల్లో. 2020లో సంతలన్నీ మూతపడ్డాయి. ఎండిన సరుకు ఇంట్లో ఉంది, డబ్బు దాంట్లో ఇరుక్కుంది. జూన్ జల్లులకు తేమ పట్టి, బూజు, పురుగు వచ్చాక దాన్ని కోళ్ల మేత ధరకు ఇచ్చుకోవడమే మిగిలింది.

ఐసు గురించి ఎవరూ మాట్లాడరు గానీ ఈ గొలుసు మొదట తెగేది అక్కడే. మన ఎండలకు చేప ఎంత బరువో ఐసు అంత బరువు ఉండాలి. పెట్టె అడుగున ఒక పొర, చేపల మధ్య ఒక పొర, పైన ఒక పొర వేయాలి, కరిగిన నీళ్లు పోవడానికి అడుగున రంధ్రం ఉండాలి. ఐసు లేకపోతే కానాగంత ఐదారు గంటల్లో పొట్ట మెత్తబడి పగులుతుంది. కానాగంత, సూర లాంటి చేపలు వేడిలో నిలవుంటే హిస్టమిన్ అనే హానికర పదార్థం తయారవుతుంది. వండినా అది పోదు, తిన్నవాళ్లకు దద్దుర్లు, వాంతులు వస్తాయి. ఐసు ఫ్యాక్టరీ నడిచేది బోట్ల మీద. టన్నుల కొద్దీ దిమ్మలు బోట్లు ఎత్తితేనే దానికి కరెంటు ఖర్చు గిట్టుతుంది. బోట్లు ఆగితే ఫ్యాక్టరీ ఆపేస్తారు. చిన్న తెప్పలు తెచ్చే కొద్దిపాటి చేపకూ, చెరువు చేపకూ ఇరవై పాతిక కిలోల ఐసు కావాల్సిన ఆడవాళ్ల కోసం ఎవరూ కంప్రెసరు ఆడించరు. మళ్లీ మొదలుపెట్టినా ఉప్పునీటి తొట్టె చల్లబడి దిమ్మలు గట్టిపడటానికి సమయం పడుతుంది. రొయ్యల వైపూ ఇదే తేడా కనిపించింది. ఎగుమతులు ఆగి ధరలు కూలినప్పుడు 2020 మార్చి నెలాఖరులో రాష్ట్ర ప్రభుత్వం కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్కను) బట్టి ధరలు ప్రకటించింది, 100 కౌంటుకు కిలో 180 రూపాయలు. చెరువు రైతుకు ఒక అంకె దొరికింది. ప్లాంట్లలో తలలు తీసి పొట్టు ఒలిచే పనిలో ఉన్నది దాదాపు ఆడవాళ్లే. సగం మందితోనే ప్లాంటు నడపాలన్నప్పుడు ఇంటి దగ్గర ఆగిపోయిన మిగతా సగానికి అలాంటి అంకె ఏదీ లేదు.

సాయం ఎవరికి ఎంత చేరిందో చూద్దాం. బోటు జాబితాలో ఉన్న వ్యక్తికి 2020లో పదివేలు వచ్చాయి. 2025లో దాన్ని ఇరవై వేలు చేశారు. చేపలమ్మే ఆమెకు జన్‌ధన్ ఖాతా ఉంటే నెలకు 500 చొప్పున 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా 1,500 వచ్చాయి. రిజర్వు బ్యాంకు మార్చి 27న ప్రకటించిన వాయిదాల విరామం ఆగస్టు నెలాఖరు దాకా నడిచింది గానీ అది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల అప్పులకు. సాయంత్రం గుమ్మం దగ్గరికొచ్చి వంద వసూలు చేసుకునే వ్యక్తికి అది వర్తించదు. జూన్ 1న వీధి వ్యాపారుల కోసం వచ్చిన పీఎం స్వనిధి పథకంలో అప్పట్లో తొలి విడతగా పదివేల మదుపు రుణం ఉండేది. ఈ పనికి సరిగ్గా సరిపోయే పథకమది. కానీ పట్టణంలో అమ్ముతున్నట్టు మున్సిపాలిటీ గుర్తింపు కార్డో సిఫారసు లేఖో కావాలి. చుట్టుపక్కల పల్లె నుంచి పట్టణానికి వచ్చి అమ్మేవాళ్లకు కూడా అర్హత ఉందన్న సంగతి చాలా మందికి తెలియదు. పల్లెల్లోనే తిరిగి అమ్మే ఆమెకు మాత్రం నిజంగానే చోటు లేదు. ఈ పథకాన్ని 2030 దాకా పొడిగించి తొలి విడతను 15,000 చేశారు కాబట్టి పట్టణాల్లో అమ్మేవాళ్లనైనా ఇప్పుడే చేర్పించాలి.

2020 సెప్టెంబరులో ప్రారంభించిన కేంద్ర పథకం మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టెతో మోటారు సైకిలుకు యూనిట్ ఖర్చు 75,000, మూడు చక్రాల బండికి మూడు లక్షలు పెట్టారు. మహిళలకు 60 శాతం రాయితీ. వినడానికి బాగుంది. మోటారు సైకిలు ఆడవాళ్ల పేరున మంజూరైతే నడిపేది ఇంట్లో మగవాళ్లు, కొన్నాళ్లకు వ్యాపారమూ వాళ్లదే అవుతుంది. మా దృష్టిలో పనికొచ్చేది మూడు చక్రాల బండి, అదీ ఐదుగురికి కలిపి. మూడు లక్షల్లో రాయితీ లక్షా ఎనభై వేలు పోను లక్షా ఇరవై వేలు, మనిషికి 24,000. డ్వాక్రా సంఘం రుణంలో అది సర్దుకోదగ్గ మొత్తం. బండి నడిపేవాడికి రోజు కూలి ఇచ్చినా ఐదుగురి షేర్ ఆటో ఖర్చులోనే సరిపోతుంది. అన్నిటికంటే, మళ్లీ పాసులు అడిగే రోజు వస్తే ఐదుగురికీ చూపించడానికి ఒక బండి నంబరు ఉంటుంది.

ఇక మేము అడుగుతున్నది. నిషేధం మొదలైన రోజుల్లో మత్స్యశాఖ సిబ్బంది, గ్రామ మత్స్య సహాయకులు రేవుకొచ్చి బోట్లను కళ్లారా చూసి జాబితా రాస్తారు. చేపలు కొనేవాళ్ల వివరాలు రాయాల్సింది మాత్రం ఆ రోజు కాదు. నిషేధం రోజుల్లో వాళ్లు రేవులో ఉండరు. మార్చి మొదటి రెండు వారాల్లో, వేలం నడిచే వేళ, తెల్లవారుజామునే వచ్చి రాయాలి. ఆఫీసు వేళకు, పది గంటలకు వస్తే ఒక్కరూ కనపడరు, లెక్క తప్పుతుంది. ఎక్కడ కొంటుంది, ఎక్కడ అమ్ముతుంది, దేని మీద వెళ్తుంది, రోజుకు ఎన్ని కిలోలు, మదుపు ఎక్కడిది అనే ఐదు వివరాలు చాలు. ఫొటోతో కార్డు ఇవ్వాలి. ఎండుచేపల వాళ్లకూ అదే కార్డు. దాని మీద బండి నంబరు అడగకూడదు.

రేవుల్లో రద్దీ తగ్గించాల్సి వస్తే చిన్న కొనుగోలుదారుల్ని గేటు బయట నిలిపేయడం తేలికైన దారి. 2020లో అదే చేశారు. అంతకంటే మంచి పద్ధతి ఉంది. మొదటి అరగంట 20, 25 కిలోల చిన్న పోగులే వేలం వేయాలి. కార్డు ఉన్న వాళ్లను యాభై మంది చొప్పున లోపలికి పంపాలి. వాళ్లు వెళ్లిపోయాక పెద్ద లాట్లు మొదలుపెట్టాలి. వ్యాను ఉన్న వ్యాపారి అరగంట ఆగితే అతని సరుకుకు ఐసు ఉంటుంది, ఏమీ కాదు. బుట్ట మనిషి అరగంట ఆలస్యమైతే ఎండ ముదిరి, కొనేవాళ్లు మళ్లీ ఇళ్లకు పోతారు. రేవు నుంచి మార్కెట్లకు ఆరింటికొకటి, ఏడింటికొకటి రెండు ఆర్టీసీ ట్రిప్పులు పెట్టొచ్చు. ప్రతి పెద్ద రేవులో ఒక ఐసు ఫ్యాక్టరీని మత్స్యశాఖ ఖర్చు భరించి తక్కువ స్థాయిలోనైనా నడిపించాలి.

మార్కెట్ల విషయంలో, రైతుబజార్లను 2020లో స్కూలు మైదానాల్లోకి, స్టేడియాల్లోకి విడగొట్టి నడిపారు, అది బాగా పనిచేసింది. చేపల మార్కెట్లను మాత్రం ఆదివారాలు మూసేయడానికే చూశారు. చేప అమ్మకంలో ఎక్కువ భాగం ఆదివారమే. దాన్ని మూస్తే శనివారం, సోమవారం రద్దీ పెరుగుతుంది తప్ప తగ్గదు. మైదానంలో చేపలు పెట్టాలంటే కూరగాయల కంటే ఎక్కువ ఏర్పాట్లు కావాలి. కోసి శుభ్రం చేసిన చేపలో మూడో వంతు వరకు వ్యర్థమే, కాబట్టి మూతలున్న డ్రమ్ములు పెట్టి రోజూ ఎత్తించాలి. నీళ్ల ట్యాంకరు, నీళ్లు పోయే కాలువ, నీడకు షామియానా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్లు నీళ్లు తాగకుండా ఆరేడు గంటలు కూర్చుంటారు. ఏ మార్కెట్‌కు వెళ్లి అడిగినా చెబుతారు. వీధి విక్రయదారుల చట్టం 2014 ప్రకారం వీధి అమ్మకాల వ్యవహారం చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం అమ్మేవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ కుర్చీల్లో ఒకదాంట్లోనైనా చేపలమ్మే ఆమె కూర్చుంటే ఈ వివరాలు మేము రాయాల్సిన పని ఉండదు.

చివరిది మదుపు. కార్డున్న ప్రతి ఒక్కరికీ ఐదువేల రూపాయల వడ్డీ లేని చేబదులు, డ్వాక్రా సంఘం ద్వారా, వేట తిరిగి మొదలయ్యే ముందు రోజుకు చేతికి రావాలి. రోజుకు యాభై చొప్పున వంద రోజుల్లో తిరిగి కడతారు. తేదీ గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. నిషేధం ఎత్తేశాక తొలి వారం పది రోజుల్లో బోట్లు నిండుగా వస్తాయి, రేవులో ధర తక్కువగా ఉంటుంది, రెండు నెలలుగా చేప తినని జనం ఎగబడి కొంటారు. బుట్ట వ్యాపారానికి ఏడాదిలో బాగా మిగిలే రోజులవే. ఆ డబ్బు నెల ఆలస్యంగా వస్తే ఆమె అప్పటికే డైలీ ఫైనాన్స్‌లో తీసుకుని ఉంటుంది, ప్రభుత్వం ఇచ్చింది ఆ కట్టుకే పోతుంది.

ఇట్లు,
చేపల రేవులు, మార్కెట్ల వ్యవహారం దగ్గరగా తెలిసిన కొందరు పాఠకులు,
విశాఖపట్నం